ఉపగ్రహం చూస్తోంది!

2016 నవంబరులో వచ్చిన రెండువేల నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగట్టేస్తుందని వాట్సాప్ ఊదరగొట్టింది. టీవీలూ తానతందాన అన్నాయి. అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు మొత్తుకుంటే వినేదెవరు? ఫార్వర్డు చేసిన బాబాయికి తెలిసినంత, నోటు అచ్చేసినవాళ్లకేం తెలుసు! 2023 మేలో ఆ నోట్లను వెనక్కి పిలిచారు. వేల కోట్ల విలువైనవి ఇంకా చేరనేలేదు. పాపం, ఉపగ్రహాన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

అన్నట్టు, వాట్సాప్ 2018లోనే మన దేశంలో ఫార్వర్డులకు అయిదు చాట్ల హద్దు గీసింది. చుట్టాల గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు, పదో తరగతి బ్యాచి, వాకింగ్ మిత్రులు, భజన మండలి... లెక్క సరిగ్గా సరిపోయింది.