నా చొక్కా కాలరు గురించి ఒక ఫిర్యాదు

గడిచిన ఆగస్టు 7న మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నాకు జరిగిన అవమానాన్ని లోకానికి విన్నవించుకుంటున్నాను. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని 2015 నుంచి ఆ తేదీన జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. మా సంఘం వాళ్లు నన్ను మాట్లాడమన్నారు. ఒంటిమీద ఇక్కత్ చొక్కా, చేతిలో మైకు. ఇంకేం కావాలి?

చేత్తో పనిచేసేవాళ్లు కరువైపోతున్నారని ముప్పావుగంట వాపోయాను. 1995-96 లెక్కల్లో చేనేత, దాని అనుబంధ పనుల్లో 65 లక్షల మందికి పైగా ఉంటే, 2019-20 నాటికి 35 లక్షలే మిగిలారు. ఆ 30 లక్షల మందీ ఎక్కడికి పోయినట్టు? ఇన్నేళ్లుగా గుడ్డలు కట్టుకుంటున్నవాణ్ని, నాతో ఒక్క మాటైనా అనకుండా పోవడం ఏం మర్యాద? ముందే చెబితే బేరంలో ఇంకో యాభై కలిపేవాణ్నేమో!

ప్రయత్నించలేదని అనకండి. అంతకు నెల ముందే మా ఆవిడతో భూదాన్ పోచంపల్లి వెళ్లాను. ఒక నేతన్న గుంట మగ్గం మీద నుంచి లేచి ఇక్కత్ చీర చూపించి, తొమ్మిది వేలన్నాడు. "ఫోన్లో ఇదే బొమ్మ 499కి ఉందయ్యా" అన్నాను. కోప్పడతాడనుకున్నా, కోప్పడలేదు. కూర్చోబెట్టి వివరించాడు. పోగును ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ వరసగా చుట్టాలి, గీత ప్రకారం చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మరోచోట కట్టి మరో రంగులో ముంచాలి. ఇదంతా అయ్యాకే మగ్గం. పడుగూ పేకా కలిసేచోట బొమ్మ సరిగ్గా కుదరాలి, వెంట్రుకవాసి తప్పినా చెదిరిపోతుంది. చేత్తో ఆసు పోయడానికి ఒక్కో చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు తిప్పాలట. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడనీ, 2017లో పద్మశ్రీ వచ్చిందనీ చెప్పాడు. నేను కళ్లు చెమర్చేంత భక్తితో విని, "యంత్రమే వచ్చిందిగా, మరి ధర తగ్గాలిగా?" అన్నాను.

ఆయన చీర మడతపెట్టేశాడు.

వెళ్తూ వెళ్తూ, మీ అబ్బాయి నేస్తాడా అనడిగాను. "మావోడు నేయడు సార్, పట్నంల పార్సిళ్లు ఇస్తడు" అన్నాడు. మా వీధికి పార్సిళ్లు ఆలస్యంగా వస్తున్నాయని ఆయన చెవిన కూడా వేసి వచ్చాను.

ప్రభుత్వం మాత్రం ఏం చేసింది? 1985లో ఫలానా రకాలు మరమగ్గాల మీద నేయకూడదని చట్టం చేసింది. మొదట ఆ జాబితాలో 22 రకాలుండేవి, తర్వాత 11కి తెచ్చారు. సగానికి సగం తగ్గింపు! చట్టం మీద ఇచ్చిన తగ్గింపు చీర మీద ఇవ్వడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు.

ఇక అసలు అవమానం. చప్పట్లు ఇంకా ఆగలేదు, మా ఆవిడ వెనకనుంచి వచ్చి నా కాలరు తిరగేసింది. "ఏవండీ, ఇక్కత్‌లో రంగు పోగుకే పడుతుందనీ, రెండువైపులా ఒకేలా ఉంటుందనీ ఇప్పుడే కదా చెప్పారు? మరి లోపలివైపు ఇంత తెల్లగా పాలిపోయిందేం?" అంది. పైగా కాలరు లోపలి చీటీ మీద నూటికి నూరుపాళ్లు పాలిస్టర్ అన్న ముక్కను పక్కింటాయన పైకి చదివాడు. 399కి కొన్న చొక్కాకు వెనకవైపు కూడా ఉంటుందని నాకెవరైనా చెప్పారా?

రెండు ఉతుకులకు అది ఉండలు కట్టింది. పోనీ స్కూటరు తుడుచుకుందామంటే ఒక్క చుక్క నీళ్లు పీల్చదు, ఇటు తడిని అటు నెడుతుంది. చివరికి మా అమ్మ కట్టి వదిలేసిన పాత పోచంపల్లి నూలు చీర చింపుకున్నాను. నలభై ఏళ్ల గుడ్డ, ఎర్రరంగు ఇంకా ఎర్రగానే ఉంది, నీళ్లు గటగటా తాగేస్తోంది. అదీ ఇప్పుడు అంచుదాకా వచ్చేసింది. అలాంటిదే ఇంకోటి ఎక్కడైనా చవగ్గా దొరికితే కాస్త చెబుదురూ.