డీజే ఆగమం

డీజే ఉత్సవమూర్తి. మూలవిరాట్టు ల్యాప్‌టాప్. సాధారణంగా గుళ్లలో మూలవిరాట్టు గర్భాలయం దాటి రాదు. పల్లకి ఎక్కేదీ, వీధుల్లో ఊరేగేదీ ఉత్సవమూర్తే. ఇక్కడా అంతే. పాటలన్నీ లోపల ముందే కొలువై ఉంటాయి, వేదిక మీద ఊరేగడానికి మాత్రం ఒక మనిషి కావాలి. ఈ సంగతిపై భక్తులకు చాలాకాలం అనుమానమే తప్ప శాసనం లేదు. 2012లో ఆ కొరత తీరింది. కెనడా ఉత్సవమూర్తి డెడ్‌మౌస్ తన టంబ్లర్ బ్లాగులో స్వయంగా తేల్చేశాడు. అందరూ ప్లే బటన్ నొక్కేవాళ్లేనట. ఏబుల్‌టన్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ గురించి కాస్త తెలిసినవాడికి గంటసేపు నేర్పితే తాను వేదిక మీద చేసేది వాడూ చేస్తాడట.

అలంకారం: ఈ మూర్తికి ఎలుక తల ఆకారంలో, ఎల్‌ఈడీ దీపాలతో వెలిగే కవచం ఉంది. కవచం తొడిగాక లోపల ఎవరున్నారన్నది ఆగమానికి అక్కర్లేని ప్రశ్న.

ముద్రలు: రెండు చేతులూ పైకెత్తడం అభయముద్ర. మోత విరుచుకుపడబోయే ముందు కళ్లు మూసుకుని ఏదో ఒక నాబ్ తిప్పడం ధ్యానముద్ర. నాబ్‌కూ మోతకూ సంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు.

ప్రసాదం: అమెరికా మూర్తి స్టీవ్ అయోకి నిండు కేకు ఎత్తి భక్తుల మొహాన కొడతాడు. రెండు చేతులూ కేకు మీదే ఉన్నా పాట ఆగదు. మహిమ మూలవిరాట్టుదేనని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు.

దీపారాధన: లైట్లు, తెర మీది బొమ్మలు, పాట అన్నిటినీ ఒకే టైమ్‌కోడ్‌తో ముడివేస్తారు. ఏ సెకనుకు ఏ దీపం వెలగాలో ముందే రాసి ఉంటుంది. మధ్యలో మూర్తికి హుషారు పుట్టి పాటను నిమిషం పొడిగిస్తే దీపాలు దారి తప్పుతాయి. కనుక మూర్తికి హుషారు నిషిద్ధం. జనం ఊగినా, ఆవలించినా, లేచి ఇంటికి పోయినా రెండో పాట తర్వాత వచ్చేది మూడో పాటే.

ప్రాణప్రతిష్ఠ: ఇది తప్పనిసరి కాదు. 2012 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవంలో రాపర్ టూపాక్ షకూర్ వెలుగుబొమ్మై వచ్చి, మరో రాపర్ స్నూప్ డాగ్ పక్కన పాడాడు. ఆయన చనిపోయింది 1996లో. ఉత్సవానికి ఏ లోటూ రాలేదు.

సమర్థన: డెడ్‌మౌస్ వాదన ప్రకారం అసలు పనితనం స్టూడియోలో ఉంది, అప్పటికప్పుడు కొత్త పాట పుట్టిస్తున్నట్టు వేదిక మీద నటించడం తనవల్ల కాదు. స్టూడియోలో పనితనం ఉన్న మాట నిజమే. దాని వెల పాట కొన్నప్పుడే జనం చెల్లించారు. రెండోసారి జేబులోంచి డబ్బు తీసింది ఎదుట ఏదో జరుగుతుందని. నిజం ఒప్పుకున్నందుకు చప్పట్లు కొట్టినంత మాత్రాన టికెట్టు డబ్బు వాపసు రాదు.

హిప్‌హాప్ డీజే కళ పుట్టినప్పుడు ఉత్సవమూర్తులు లేరు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్లలో, కూల్ హెర్క్ అనే కుర్రాడు చెల్లెలు పెట్టిన పార్టీకి రికార్డులు వేశాడు. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. డాన్సర్లు పాటలో ఏ ముక్క కోసం కాచుకుని ఉన్నారో కనిపెట్టి, ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి ఆ డ్రమ్ముల ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం హెర్క్ విద్య. సూది తప్పుచోట దిగితే అందరి ముందూ నవ్వులపాలే. అర డాలరు పుచ్చుకున్నవాడు జనం కాళ్ల వంక చూశాడు. ఈనాడు వేలమంది ముందు నిలబడినవాడు చూసేది టైమ్‌కోడ్ వంక. పైగా అందరూ అంతేనని డెడ్‌మౌస్ తీర్పు చెప్పాడు. అది నిజాయితీ కాదు, పొగరు. ఏ రాత్రికారాత్రి చెమటోడ్చి వాయించే డీజేలు ఇంకా ఉన్నారు. ఈ తీర్పు వాళ్ల కష్టాన్ని కూడా బటన్ కిందే తొక్కేసింది. చేతకానివాడు రికార్డింగ్ వేస్తానని టికెట్టు మీద అచ్చువేసి అమ్ముకోవచ్చు, కొనేవాళ్లు కొంటారు. లైవ్ అని అచ్చువేసి బటన్ నొక్కడం మాత్రం మోసమే. చేసినవాడు తానే ఒప్పుకున్నా అది మోసమే.