కండెన్సర్ చిన్నాయన

ఊళ్లో రిపేరు షాపులున్న సంగతి ఒప్పుకోని మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఆ కొలువు మా చిన్నాయనది. అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా నడిస్తే సెల్‌ఫోన్లు విప్పుకొని కూర్చున్న కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్ల ముందు నుంచి పోతూ ఆయన జాలిగా తల ఆడిస్తాడు. "మార్చేది తెల్సు గానీ, బాగుచేసేది తెలీదప్పా వీళ్లకు."

ఆయన చదువంతా బోరు మోటార్ల దగ్గర సాగింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు కురిసే నేల మాది. బోరు వేయడం, అది ఎండితే ఇంకా లోతుకు పోవడం, చాలీచాలని ఓల్టేజీకి మోటారు కాల్చుకోవడం ఇక్కడి సేద్యంలో భాగమే. కాలిన మోటారును టౌనుకు మోసుకొచ్చినప్పుడల్లా రీవైండింగ్ షాపులో రాగితీగ చుట్టేదాన్ని పక్కన కూర్చుని చూసి విద్య పట్టుకున్నాడు. అందుకే లోకంలోని ఏ జబ్బుకైనా ఆయన చెప్పే కారణాలు రెండే. కండెన్సరన్నా పోయుండాల, వైండింగన్నా కాలుండాల. మా జేజి మోకాలి నొప్పిని కూడా మొదట కండెన్సర్ ఖాతాలోనే వేశాడు.

నా చిన్నప్పుడు బ్రిక్ గేమ్ అని చేతిలో పట్టుకుని ఆడే బొమ్మ ఒకటి వచ్చేది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌కు ఊరూ పేరూ లేని నకలు. పెట్టె మీద 9999 ఆటలని అచ్చేసేవాళ్లు. లోపలుండేవి మాత్రం అవే ఇటుకలు, కాకుంటే ఒకసారి నిదానంగా, ఒకసారి బిన్నా రాలేవి. నా దాంట్లో ఎడమ బటన్ మొరాయించింది. చిన్నాయన గేమును చెవి దగ్గర పెట్టి ఊపాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతూ బోరు పాయింటు చూసే పెద్దమనిషిలా కళ్లు మూసుకున్నాడు. తెరిచి, "వైండింగ్" అన్నాడు.

దీంట్లో వైండింగ్ యాడుంటాదని అడిగే ధైర్యం ఆ ఇంట్లో చిన్నమ్మకొక్కదానికే ఉంది. ఆమె అడగలేదు. అడిగితే వివరిస్తాడని ఆమెకు తెలుసు.

కానీ ఆయన నోటికీ చేతికీ సంబంధం లేదు. నోరు వైండింగ్ అంటుండగానే చెయ్యి సరైన చోటికి పోతుంది. ఆ గేముల్లో రబ్బరు బటన్ కింద నల్లటి కార్బన్ బొట్టు ఉంటుంది. నొక్కినప్పుడు అది బోర్డు మీది రెండు గీతల్ని కలిపితే కరెంటు పారుతుంది, ఇటుక కదులుతుంది. మా ఊరి దుమ్మూ, నా వేళ్ల మీది మిరపకాయ బజ్జీ నూనే కలిసి ఆ బొట్టును కప్పేశాయి. ఆయన స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాడు. అరిగిన బొట్టు మీద మెత్తని పెన్సిల్ రుద్దాడు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుందని ఆయనకు ఏ బడిలో చెప్పారో మరి. బటన్ పలికింది. "చూసినావా, వైండింగ్ సరిచేసినా" అన్నాడు.

బిగించాక ఒక స్క్రూ మిగిలింది. అదిప్పుడు మా చిన్నమ్మ కళ్లద్దాల కుడి కాడను పట్టుకుని ఉంది. నా గేము వెనక మూత రబ్బరు బ్యాండుతో కాలం వెళ్లదీసింది.

ఆయన పని చేస్తుంటే ఇంట్లో ఎవరూ ఆ దారిన పోరు. పోతే టార్చి పట్టుకోవాల. పట్టుకున్నవాడికి తిట్లు తప్పవు. "యాడ చూపిస్తాండావ్, నా మొగానికా?" కిందపడిన స్క్రూను వెతికేదీ వాడే. చిన్నాయన మాత్రం ఆ సమయంలో కాలు కదపడు, తొక్కుతానని. నిక్షేపంగా పనిచేసే రేడియోను కూడా "రోంత దుమ్ము తీస్తా" అని విప్పుతాడు. దుమ్ము వస్తుంది. పాట మాత్రం మళ్లీ రాదు.

ఈ ఎండాకాలం మా అక్క కొడుకు డల్లాస్ నుంచి తన గేముతో దిగాడు. దాంట్లో ఎవరూ ముట్టుకోకుండానే హీరో ఎడమవైపు నడిచిపోతాడు. "తాతా, దీన్ని డ్రిఫ్ట్ అంటారు" అన్నాడు పిల్లోడు. "కండెన్సర్" అన్నాడు చిన్నాయన.

దాని స్క్రూలకు మూడు రెక్కలు. మామూలు స్క్రూడ్రైవరు పట్టదు, మనం విప్పకూడదనే అట్లా చేస్తారు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఆయన కళ్లు మెరిశాయి. బాల్‌పెన్ను గొట్టం కొసను అగ్గిపుల్లతో కరిగించి, మెత్తగా ఉన్నప్పుడే స్క్రూ మీద అదిమి, చల్లారాక తిప్పాడు. వచ్చింది. ఆయన గేర్ రాడ్ అని పిలిచే ఆ జాయ్‌స్టిక్ కింద కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగితే పుల్ల మధ్యలో ఉన్నా పక్కకు నెట్టినట్టే యంత్రం లెక్కేసుకుంటుంది. ఈసారి పెన్సిల్‌తో పని జరగలేదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి కొత్తది తెప్పించాం. అందులో రాపిడి లేదు. అయస్కాంతం కదిలితే హాల్ సెన్సర్ కనిపెడుతుంది. ఈ సంగతి విని చిన్నాయన కుర్చీలోంచి లేచాడు.

"అయస్కాంతమా! నేను చెప్పలా? మోటారే ఇది!"

పొగరు తగ్గిద్దామని గున్‌పే యొకోయి కథ ఎత్తాను. 1989లో వచ్చిన గేమ్ బాయ్ అనే చేతి గేము ఆయన బృందానిదే. పోటీవాళ్లు రంగుల తెరలు పెట్టి ఆరేసి సెల్లులు మింగించారు. ఈయన చవకైన పాత రకం తెరతో నాలుగు సెల్లుల మీద గంటల తరబడి నడిపించాడు. పాతబడిన సరుకుతోనే కొత్త ఉపాయం పన్నాలన్నది ఆయన పద్ధతి.

"ఏ ఊరాయన?"

"జపాను."

"ఆడ గూడా కరువుండాదేమో" అన్నాడు చిన్నాయన గౌరవంగా.

మొన్న పిల్లోడు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేశాడు. వాడి స్నేహితుల గేములకు కూడా అదే రోగమంట, పంపమంటావా తాతా అని అడిగాడు. "పంపమను. చార్జర్లు గూడా" అంటూ చిన్నాయన అప్పుడే టేబుల్ మీద పాత పేపరు పరిచేశాడు. వెనక నుంచి చిన్నమ్మ ఫోన్లోకి తొంగిచూసింది.

"నాయనా, అట్లే ఒక టేబులు గూడా పంపు. మేము అన్నం తినల్ల."