జింకలకు చేను వేసే ఆసామి

విస్కాన్సిన్‌లో ప్రతి ఆఫీసులోనూ ఒక జింకల ఆసామి ఉంటాడు. ఊరికి గంటన్నర దూరంలో 80 ఎకరాల కొండవాలు కొని, ఆ అప్పు తీర్చడానికి వారానికి ఐదు రోజులు మన పక్క సీట్లో కూర్చునే మనిషి. మీటింగు మధ్యలో ఆయన ఫోను కిచకిచమంటే ఇంటినుంచి కబురనుకోకండి. అడవిలో చెట్టుకు కట్టిన కెమెరా ముందునుంచి ఏదో నడిచిపోయింది, దాని ఫొటో వచ్చింది. బల్ల కింద పెట్టుకుని చూస్తాడు. ముఖం వెలిగితే మగజింక. మామూలుగా ఉంటే ఆడజింక. చిట్లిస్తే గాలికి ఊగిన కొమ్మ.

ఆయనకు కావలసింది మాంసం కాదు, కొమ్ములు. తెల్లతోక మగజింకకు కొమ్ములు ఏటా మొలుస్తాయి, ఏటా చలికాలంలో రాలిపోతాయి. వయసు, మేత, వంశం మూడూ కలిసొస్తే ఐదారేళ్లకు చెట్టంత కొమ్ములొస్తాయి. అడవి జింక వంశం ఎవరి చేతుల్లోనూ లేదు. వయసంటే కాల్చకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఇక మిగిలింది మేత. పెరట్లో కొత్తిమీర కూడా వేయని మనిషి ఇక్కడే రైతైపోతాడు.

ముందు భూసార పరీక్ష. పీహెచ్ ఐదున్నర అని రిపోర్టు వచ్చిన రోజు ఆయన్ని చూడాల్సింది, కొడుకు లెక్కల్లో తప్పినట్టు కూర్చున్నాడు. లారీతో సున్నం తోలించి చల్లించాడు. తర్వాత క్లోవర్, చికోరీ. చలికాలానికి టర్నిప్. దాని ఆకులు గట్టిగా మంచు పడ్డాకే తియ్యబడతాయట, అప్పుడుగానీ జింకలు ఇష్టంగా తినవట. ఆ ఆకులో ప్రొటీన్ ఎంతో, అది ఏ నెలలో ఎంతకు దిగుతుందో నోటికి చెప్తాడు. ఇవన్నీ చెప్తున్నప్పుడు ఆయన చేతిలో ఉండేది నిన్న మిగిలిన చల్లారిన పిజ్జా ముక్క.

మా నాయన కర్నూలు జిల్లానుంచి వచ్చినప్పుడు, సెప్టెంబరులో ఒక ఆదివారం, ఆ పొలం చూపిద్దామని తీసుకెళ్లాను.

“ఏం పైరురా ఇది?”

“క్లోవర్ నాయనా. ఆ పక్కది టర్నిప్.”

“ఎవరు కొంటారు?”

“ఎవరూ కొనరు. జింకలు మేస్తాయి.”

నాయన కాసేపు మాట్లాడలేదు. మావైపు కృష్ణజింకలు శనగచేలో పడితే తెల్లారేసరికి మొదళ్లే మిగులుతాయి. వాటిమీద చెయ్యి వేస్తే జైలు. అందుకని రాత్రంతా డబ్బా వాయిస్తూ తిరిగిన మనిషాయన.

“మరి కంచె ఏదిరా?”

“కంచె వేస్తే జింకలు రావు కదా.”

చెట్టుకు ఇరవై అడుగుల ఎత్తున బిగించిన సీటు చూడగానే మాత్రం నాయన ముఖం విప్పారింది. “మంచె ఉండాదే! ఆడ కూర్చుని అరుస్తాడా?”

“అరవడు నాయనా. తుమ్మొచ్చినా ఆపుకుంటాడు.”

“ఒరేయ్, ఈయప్ప అడ్రసు మన జింకలకు ఎట్లన్నా తెలిసేలా చెయ్యి” అన్నాడు.

మర్నాడు ఆఫీసులో ఆసామి ఆత్రంగా వచ్చాడు, “మీ నాన్నగారు ఏమన్నారు?” అంటూ. నేల బాగుందన్నారని చెప్పాను. రెండు రోజులు నేలమీద నిలవలేదు.

పొలంలో మధ్య పాతిక ఎకరాలు అభయారణ్యం. అందులోకి ఎవరూ అడుగు పెట్టకూడదు, భార్యతో సహా. అక్కడ చెట్లను సగం దాకా కోసి, తెగిపోకుండా వంచి పడుకోబెట్టాడు. చెట్టు బతికే ఉంటుంది, చిగుళ్లు జింక నోటికి అందుతాయి, పడుకోవడానికి చాటు దొరుకుతుంది. మగజింకలకు పేర్లున్నాయి. హెర్క్యులిస్ ఆయన ఇంటి ఇష్టదైవం. వాటి వయసెప్పుడూ మూడున్నర, నాలుగున్నర, ఐదున్నర. ఈ అర ఎక్కడిదని అడిగాను. మే, జూన్లలో ఈనుతాయి, వేట నవంబరులో, అందుకే అర. మెడ లావు, నడుము వాలు, పొట్ట జారడం చూసి వయసు చెప్పేస్తాడు. ఈ శాస్త్రం తెలిశాక ఆయన ఎదురుగా నిలబడినప్పుడల్లా నేను పొట్ట లోపలికి పీల్చుకుంటున్నాను.

మార్చిలో రాలిన కొమ్ముల వేట. ఒకరోజు లంచ్ టేబుల్ మీద నా పులిహోర డబ్బా జరిపి, హెర్క్యులిస్ కొమ్ములు రెండూ పెట్టాడు. జేబులోంచి పావు అంగుళం వెడల్పు ఉక్కు టేపు తీశాడు. కొలత అంగుళంలో ఎనిమిదో వంతు దాకా. కొమ్ము పొడవు, ఒక్కో శాఖ పొడవు, నాలుగుచోట్ల చుట్టుకొలత. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే, ఆ తేడా కోత పడుతుంది. జాతకాలు కలిపే పంతులు కూడా ఇంత ఇదిగా చూడడు. ఇవన్నీ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు నిబంధనలు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ పెట్టిన సంస్థ. ఆ క్లబ్బు రికార్డు పుస్తకంలో శాశ్వతంగా చోటు దక్కాలంటే 170 అంగుళాలు తేలాలి. 1993లో కెనడాలోని సస్కాచెవాన్‌లో పడిన మగజింకకు 213 అంగుళాల 5/8 వచ్చాయని చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. హెర్క్యులిస్ కొమ్ముల నడిమి వెడల్పు మాత్రం ఊహించి రాసుకున్నాడు. మధ్యలో ఉండాల్సిన తల ఇంకా అడవిలో తిరుగుతోంది మరి.

టెక్సాస్‌లో ఎనిమిదడుగుల కంచె కట్టి, ప్రొటీన్ దాణా పోసి పెంచేవాళ్లున్నారు. మా ఆసామి వాళ్లను లెక్కలోకి తీసుకోడు, ఆ క్లబ్బూ తీసుకోదు. ఇక్కడ దాణా పోయడానికే వీల్లేదు. జింకలకు మెదడు తినేసే క్షీణరోగం ఒకటుంది, 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. జింకలన్నీ ఒకచోట మూతులు పెడితే అంటుకుంటుందని చాలా కౌంటీల్లో నిషేధం. దోసెడు మొక్కజొన్న నేలమీద పోస్తే నేరం. అదే మొక్కజొన్న ఎకరంలో పండించి కోయకుండా వదిలేస్తే వ్యవసాయం.

ఇంతకీ చిక్కెక్కడంటే, ఒక మగజింక తిరిగే మేర సుమారు ఒక చదరపు మైలు. అంటే 640 ఎకరాలు. ఈయనది 80. హెర్క్యులిస్‌లో ఈయన వాటా ఎనిమిదో వంతు. తక్కిన ఏడు వంతులూ ఇరుగుపొరుగుది. నవంబరులో జతకోసం తిరిగేటప్పుడైతే ఆ లెక్క కూడా ఉండదు.

ఐదున్నరేళ్లు నిండిన హెర్క్యులిస్ తుపాకీ సీజను మొదటి రోజు పొద్దున, ఈయన క్లోవర్ కడుపారా మేసి, గట్టు దాటాడు. గట్టవతల పొరుగాయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. ఆయన జన్మలో భూసార పరీక్ష చేయించలేదు. శాండ్‌విచ్ పక్కన పెట్టి కాల్చాడు.

ఆసామి వెళ్లి చెయ్యి కలిపాడు. జేబులో టేపు ఉండనే ఉంది, కొలిచాడు. 171 తేలింది. అరవై రోజులు ఆరాక గానీ అసలు కొలత ఉండదు, ఆరితే కాస్త తగ్గుతుంది అన్న ఆశతో సోమవారం దాకా నెట్టుకొచ్చాడట. పొరుగాయన మాత్రం కొమ్ములు నిమురుతూ అమాయకంగా అడిగాడట, “ఇంత పెద్ద కొమ్ములు ఎలా వచ్చుంటాయంటావ్?”

“సున్నం” అని ఒక్కమాట చెప్పి వచ్చేశాడట.

ఏప్రిల్లో మళ్లీ సున్నం లారీ వెళ్లింది. మీరెవరైనా ఇటువైపు ఉద్యోగానికి వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీ సీజను. ఆ వారంలో రిలీజు పెట్టకండి.