అనాహూత సందేశ ధర్మసూత్రములు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రక్తదాతల వాట్సాప్ గ్రూపున ఈ వారము వెలువడిన ఉత్తర్వును పాఠకులలో పెక్కుమంది ఈపాటికి చదివియే యుందురు. చదువని భాగ్యశాలురకు దానిని స్క్రీన్‌షాట్ తీసి పంపుటకు బంధుమిత్రులు కొఱవడియుండరు. ఎవరును కోరకయే వచ్చిపడు సందేశములవలన సభ్యుల మనస్సులు నొచ్చుచున్నవి గనుక ఇకమీదట అందు అడ్మినులు మాత్రమే సందేశములు పెట్టుదురనియు, రక్తము కావలసినవారు అడ్మినులకు వేఱుగా విన్నవించుకొనవలెననియు, ఆ విన్నపములలో ఉచితమని తోచినవి మాత్రమే గ్రూపున ప్రకటింపబడుననియు దాని తాత్పర్యము.

2016 అక్టోబరు 11వ తేదీ దాక ఈ మూడు జిల్లాలలో చాల భాగము ఒక్క వరంగల్ జిల్లాలోనిదే. సర్కారువారు పటమును కత్తిరించినను నెత్తురునకు పొలిమేర లేదని నమ్మిన పిల్లలు గ్రూపును మాత్రము కత్తిరింపనీయక కాపాడుకొనిరి. అట్టి ఐకమత్యమును ఒక పువ్వు బొమ్మ చెడగొట్టినది. (ఏ పువ్వో చెప్పను, మన వైపున పువ్వునకు సైతము పార్టీ కలదు.) తెల్లవాఱుజామున ఒక సభ్యుడు శుభోదయమని దానిని పెట్టెను. “అన్నా, ఇది బ్లడ్ గ్రూపు, గుడ్మార్నింగుల గ్రూపు గాదు, జర సోయి పెట్టుకో” అని రెండవవాడనెను. ఆ మందలింపును ఎవరును అడిగియుండలేదు గనుక అదియు పిలువని సందేశమేయని మూడవవాడు మందలించెను. మూడవవాని మందలింపునందలి ఏకవచనమునకు నాలుగవవాడు నొచ్చుకొనెను. ఇట్లు రక్తదాతల గ్రూపున రక్తము ఉడుకుటయే గాని ఎవరికిని ఎక్కుట లేదయ్యెను.

సూత్రమునకు అల్పాక్షరత్వమును, అసందిగ్ధత్వమును లక్షణములని పెద్దలు చెప్పుదురు. ఈ ఉత్తర్వునకు మొదటి లక్షణము పుష్కలముగా నున్నది. రెండవది బొత్తిగా లేదు. సందేహమున్నచోట భాష్యము పుట్టక తప్పదు గదా! ఉత్తర్వు వెలువడిన నాటినుండి మూడు జిల్లాల యందును టీ హోటళ్ల బల్లలమీద వెలసిన భాష్యములను భావితరముల ఉపయోగార్థము ఇచట సంగ్రహించుచున్నాను.

ఈ శాస్త్రమునకు పూర్వాచార్యులు లేకపోలేదు. కంప్యూటర్ల మధ్య టపా నడచుట ఇంకను కొత్తయైన 1975లోనే అమెరికాయందు జాన్ పోస్టెల్ అను పండితుడు, అక్కఱలేని టపాను వలదని త్రోసిపుచ్చు ఉపాయము యంత్రమునకు లేకుండుటను గూర్చి వ్రాసియుండెను. 1978 మే 3వ తేదీన గేరీ థ్యూర్క్ అను వర్తకుడు తన కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి వారు కోరకయే ఒక్కసారిగా జాబు పంపి, తిట్లను, వానితోబాటు బేరములను గూడ సంపాదించెను. ఈ ఆచార్యుడే మన శుభోదయకారులకు ఆద్యుడని కొందఱి మతము. ఆయనకు లాభమైన వచ్చినది గదా, మనవారికి ఏమి వచ్చినదని వేఱొకరి ఆక్షేపము.

మొదటి అధికరణము ఫార్వర్డును గూర్చినది. ఒకరు అనుభవించి విడిచిన సందేశమును మఱియొకరికి వడ్డించుట ఉచ్ఛిష్టదోషమగునా? అగునని సిద్ధాంతము. ఇందుకు వాట్సాపు వారి ఆచారమే ప్రమాణము: వారు 2018లో భారతదేశమున ఒక సందేశమును ఒక తడవకు ఐదు చోట్లకు మించి త్రోయరాదని నియమించి, మఱుసటి సంవత్సరము ఆ నియమమును లోకమంతటికి విస్తరించి, 2020 ఏప్రిలులో పలుచేతులు మాఱిన సందేశమును ఒక్క చోటికి మాత్రమే త్రోయవచ్చునని బిగించిరి. జంట బాణముల గుర్తు గల పువ్వు అంటరానిదనియు, తన తోటలో తానే ఫొటో తీసిన పువ్వు మడిగలదనియు దీనివలన తేలుచున్నది.

ఇక జనగామ భాష్యము. బమ్మెర మాది, పాలకుర్తి మాది; పోతనగారును, సోమనాథుడును పుట్టిన నేలనుండి వచ్చు దేవుని బొమ్మ పిలువని సందేశమెట్లగునని ఆ శాఖవారి వాదము. దేవునికి ఆహ్వానమక్కఱలేదు, ఆయన సర్వవ్యాపి, కావున ఏ గ్రూపునందైనను ఉండవచ్చును. ఈ యుక్తికి ప్రతిపక్షులు వెంటనే సమాధానము చెప్పలేకపోయిరి గాని, సర్వవ్యాపియైనవానిని రోజుకు ఆఱుమాఱులు అప్‌లోడ్ చేయవలసిన పని యేమని ఒక బాలుడు ప్రశ్నింపగా వానిని గ్రూపునుండి తొలగించిరి.

మానుకోట, అనగా మహబూబాబాద్, శాఖవారు కర్మమార్గులు. కాజీపేట, విజయవాడల నడిమి రైలుమార్గముమీద నుండుటచేత వారికి రైలు ఆలస్యపు కబురు పంపుట నిత్యవిధి. రక్తమిచ్చువాడు రైలెక్కియే గదా వరంగలో ఖమ్మమో చేరవలెను, కావున రైలువార్త రక్తదానమునకు అంగమే గాని అనాహూతము గాదని వారందురు. 2024 సెప్టెంబరు 1వ తేదీన కుంభవృష్టికి ఇంటికన్నె, కేసముద్రముల నడుమ పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి రైళ్లు నిలిచిపోయిన సంగతిని వారు దృష్టాంతముగా చూపుదురు. ఆ దృష్టాంతమును ఖండింపజాలక అడ్మినులు, ప్రళయకాలమున మాత్రము మినహాయింపు గలదని అంగీకరించిరట. అది ప్రళయమని ప్రకటించు అధికారము మరల అడ్మినులదే.

అన్నింటను గహనమైనది భూపాలపల్లి భాష్యము. శుభోదయములు సూర్యోదయమునుండి రెండు గంటలలోపల పెట్టినచో దోషము లేదను రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు సింగరేణి బొగ్గుగనులవారు లేచి, ఉదయమనగా ఎవరి ఉదయమని యడిగిరి. నైట్ షిఫ్టు దిగి ఇంటికివచ్చి పడుకొన్న బాయి కార్మికునికి మీరు పెట్టు శుభోదయము శుభరాత్రియగును; సెకండ్ షిఫ్టువానికి అది నిద్రాభంగము; ఫస్ట్ షిఫ్టువాడు అప్పటికే గనిలోపల నున్నాడు, వానికి సూర్యుడే కానరాడు, ఉదయమెక్కడిది? మూడు షిఫ్టులకు మూడు ఉదయములను గుర్తింపవలెనని వారు పట్టుపట్టగా, ఆ లెక్కన రోజంతయు శుభోదయమే యగునని గ్రహించి రాజీ కుదుర్చువారు టీ డబ్బులిచ్చి వెడలిపోయిరి.

ప్రాయశ్చిత్త ప్రకరణమున పెద్దగా విశేషములు లేవు. సామాన్య దోషమునకు క్షమాపణ, దానికి చేతులు జోడించిన బొమ్మ దక్షిణ. మహాదోషమునకు గ్రూపు త్యాగము. త్యజించిన సాయంకాలమే బామ్మర్దిచేత మరల చేర్పించుకొనుట శిష్టాచారము. అపవాద ప్రకరణము మాత్రము మననము చేయదగినది. మండల స్థాయికి తక్కువగాని నాయకుని జన్మదినపు పోస్టరు ఏ వేళ, ఎన్ని ప్రతులుగా వచ్చినను అనాహూతము గాదు. ఏలయన దానిని పెట్టువారు అడ్మినులే. ఉత్తర్వు వెలువడిన పిదప ఆ గ్రూపున నేను చూచిన మొదటి సందేశము అదియే. అందులో నాయకుడు నవ్వుచుండెను, చుట్టును చిన్న చిన్న గుండ్రములలో అడ్మినులును నవ్వుచుండిరి.

వారితో కలసి నవ్వుట ఇక నావలన గాదు. రక్తము కావలెనను కేక ఎన్నడైనను పిలువగా వచ్చినదా? మహాదేవపూర్ వైపు పల్లెనుండి ఒక బాలింతను ఎక్కించుకొని అంబులెన్సు అర్ధరాత్రి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి బయలుదేరినదనుకొందము. ఆమె మగడు ఫోను పట్టుకొని ఓ నెగెటివ్ అని టైపు చేయుటకు ముందు ఎవరి ఆహ్వానమును తెచ్చుకొనవలెను? అడ్మిను నిద్రలేచి, పండ్లు తోముకొని, ఇది ఉచితమా యని తలపోసి మీట నొక్కుదాక ఆ నెత్తురు ఆగునా? డెంగ్యూ రోగికి ఎక్కించు ప్లేట్‌లెట్లు సేకరించిన పిదప ఐదు దినములకు మించి నిలువ యుండవు. తలసేమియా బిడ్డకు రెండునుండి నాలుగు వారములకొక తడవ ఒక సీసా ఎక్కవలసినదే, బ్రతికినన్నాళ్లు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పువలన 1998 జనవరి 1 మొదలు ఈ దేశమున రక్తము అమ్ముకొనుట నిషిద్ధమైనది. అది మంచి పనియే. కాని నాటినుండి పేదవాడు నమ్ముకొన్నది తెలియనివాని దయను, ఆ దయను తట్టిలేపు ఒక్క పిలుపును. ఆ పిలుపునకే మీరు తాళము వేసితిరి! ఈ గ్రూపు పుట్టినది పిలువని సందేశము కొఱకే. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగి, జనులు ఇండ్ల పైకప్పులమీద ప్రాణములు గుప్పిట పట్టుకొని హెలికాప్టరు కొఱకు ఆకాశమువంక చూచుచున్న నాడు, వారి ఆక్రందనము ఏ అడ్మినుని అనుమతితో వెలువడినది?

బమ్మెర పేరు చెప్పుకొనువారికి ఇంకొక మాట. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు పెట్టిన మొఱ పిలువనిదే. అది శుభోదయ వేళ వచ్చినదా యని విష్ణువు విచారింపలేదు, లక్ష్మికైనను చెప్పక పరుగెత్తెను. వైకుంఠమున అడ్మినులు మాత్రమే పలుకవలెనను నియమమున్నచో ఆ మడుగులో మొసలి భోజనము నిశ్చింతగా సాగియుండెడిది.

ఇతరులు పెట్టిన దానికి తాము కోర్టులకెక్కవలసివచ్చునేమోయని అడ్మినులకు భయమున్నచో, సభ్యుని సందేశమునకు అడ్మిను నేరస్థుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనము 2021లోను, కేరళ హైకోర్టు 2022లోను చెప్పియున్నవి. పువ్వులు కంటగింపైనచో వానిని తుడిచివేయు మీట అడ్మిను చేతిలోనే కలదు. చప్పుడు గిట్టనివానికి మ్యూట్ మీట కలదు. ఇన్ని యుండగా నోరు నొక్కు మీటనే ఏరుకొనుట మర్యాద కాదు, అహంకారము.

అయ్యా అడ్మినులారా, ఈ రాత్రికే ఆ తాళము తీయుడు. పాఠకులారా, రక్తమిచ్చి 90 దినములు గడచిన పురుషులును, 120 దినములు గడచిన స్త్రీలును మరల ఈయవచ్చును. ఎవరి ఉత్తర్వు కొఱకును కనిపెట్టుకొని యుండక, దగ్గఱి బ్లడ్ బ్యాంకునకు పోయి మీ పేరును, గ్రూపును, అర్ధరాత్రి యైనను ఎత్తు ఫోను నంబరును వ్రాయించి రండు.