బోనఫైడ్ బిడ్డలు

జహీరాబాద్‌లో మాట విని మనిషిది ఏ రాష్ట్రమో చెప్పడం కష్టం. అల్లం బేరం తెలుగులో మొదలవుతుంది, కన్నడంలో పెరుగుతుంది, దక్కనీ ఉర్దూలో తెగుతుంది. చెరకు ట్రాక్టరును ఆపి "నువ్వు ఏ పొలంలో నాలుగేళ్లు వరుసగా పెరిగావు?" అని ఎవరూ అడగరు. పిల్లల్ని మాత్రం అడుగుతారు, అదీ డాక్టరు కావాలనుకున్న పిల్లల్ని.

1956 నవంబర్ 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. ఆ రోజు గీత గీశారు. తాలూకా అంతా మెదక్ జిల్లాలో కలిసింది, ఒక్క నిర్ణా సర్కిల్ తప్ప. బీదర్ తాలూకా నుంచి న్యాల్కల్ సర్కిల్ ఇటు వచ్చింది. నారాయణఖేడ్ కూడా వచ్చింది. తెల్లారేసరికి అన్న ఆంధ్రప్రదేశ్‌లో, అత్తారింట్లో ఉన్న చెల్లె మైసూరు రాష్ట్రంలో తేలారు. గీత గీసినవాళ్లు బడి ఎటువైపు ఉందో చూసుకోలేదు.

న్యాల్కల్ రైతు బిడ్డ ఒకర్తెను అనుకోండి. ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే చదివింది. బీదర్ దగ్గర, హైదరాబాద్ దూరం. మేనత్త ఇల్లూ అక్కడే ఉంది, నీట్ కోచింగూ అక్కడే ఉంది. తొమ్మిది నుంచి పీయూసీ దాకా బీదర్‌లో చదివింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. స్థానికుల కోటాలో మెడికల్ సీటు అడిగింది. ఇక చూడండి తమాషా.

తెలంగాణ అంటుంది: ఎనిమిదేళ్లు చదివావు సరే తల్లీ, అవి మొదటి ఎనిమిది. మాకు కావాల్సింది చివరి నాలుగు. కర్ణాటక అంటుంది: మా దగ్గర నాలుగేళ్లు చదివావు, సంతోషం. మాకు ఏడు కావాలి, మూడు తక్కువైంది. నిజాం ఏలిన ఒకే నేలకు రాజ్యాంగం రెండు తాయెత్తులు కట్టింది. ఇటు 371డి అధికరణం, అటు 371జె. రెండూ వెనుకబడిన నేల బిడ్డల కోసమే. ఈ పిల్ల వెనుకబడిందే, ఈ నేల బిడ్డే. కాకపోతే ఏ తాయెత్తూ ఆమె మెడకు సరిపోలేదు.

స్థానికుల కోటాతో నాకు పేచీ లేదు. 1919 నాటి ముల్కీ ఫర్మానా నుంచి, 1969 ఉద్యమం నుంచి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి ఈ నేల అడుగుతున్నది అదే: మా సీట్లు మా పిల్లలకు. నా పేచీ అంతా 'మా పిల్లలు' ఎవరో తేల్చే తూకపు రాయితో. ముల్కీగా, స్థానికుడిగా లెక్కకు రావడానికి నిజాం పదిహేనేళ్ల నివాసం అడిగాడు, అంటే మనిషి ఎక్కడ బతికాడో చూశాడు. మనం పిల్ల ఎక్కడ హాజరు పలికిందో చూస్తున్నాం.

ఇంకో పిల్లవాణ్ని అనుకోండి. పుట్టింది కటక్‌లో. ఎనిమిదో తరగతి కాగానే తండ్రి తెచ్చి హైదరాబాద్ కార్పొరేట్ హాస్టల్లో వేశాడు. నాలుగేళ్లలో వాడు చూసిన తెలంగాణ ఒక ప్రహరీ గోడ, ఒక మెస్సు, ఒక స్టడీ అవర్. బోనాలు ఎప్పుడొస్తాయో తెలియదు, బతుకమ్మ అంటే మూడు రోజుల సెలవు, అదీ ఇస్తేనే. వాడి చేతిలో నాలుగు బోనఫైడ్లున్నాయి. వాడు స్థానికుడు. తాత ముత్తాతలు ఇక్కడి ఎర్రమట్టిలో కలిసిన పిల్ల నాన్‌లోకల్.

ఆ రూలు వచ్చిన ముహూర్తం చూడండి. 2024 మే 5న నీట్ రాశారు. జూలై 19న జీవో 33 వచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదవాలట. ఆట ముగిశాక గోల్‌పోస్టు పాతారు. అంతకుముందు పది దాకా ఇక్కడ చదివి ఇంటర్‌కు విజయవాడ పోయినా చెల్లేది. అందుకే తల్లిదండ్రులు వేలు పోసి పిల్లల్ని పంపారు. సెప్టెంబర్ 5న హైకోర్టు, శాశ్వత నివాసులకు ఈ రూలు వర్తించదంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయి, హైకోర్టుకెక్కిన 135 మందికి మాత్రం ఆ ఒక్కసారికి ఒప్పుకుంది. కోర్టు మెట్లెక్కే స్తోమతా ఒక అర్హతే అన్నమాట. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రూలే సరైనదని తేల్చింది.

మినహాయింపులూ ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడకూడదు. తెలంగాణ కేడర్ ఐఏఎస్ అధికారి ఢిల్లీకి బదిలీ అయితే, అక్కడ చదివిన ఆయన కొడుకు తెలంగాణ బిడ్డే. బదిలీ ఉద్యోగానికే జరుగుతుంది, పొలానికి జరగదు. రైతు తన మూడెకరాలను బీదర్‌కు డిప్యుటేషన్ మీద పంపలేకపోవడం అతని తప్పే.

ఎన్నారై సీటు సంగతి వేరే. తొమ్మిదో తరగతి ఎక్కడ చదివావని దానికి అడగరు, డాలర్లు ఎక్కడివో అడుగుతారు. బీదర్ పరాయి రాష్ట్రం, న్యూజెర్సీ మాత్రం మన పక్క వాడ. జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే, జహీరాబాద్ ఇప్పుడున్న సంగారెడ్డి జిల్లాలోనే, కందిలో ఐఐటీ ఉంది. దాని గేటు దగ్గర ఎవరూ ఎవరినీ నీదే ఊరని అడగరు. అడిగేది నాలుగు అడుగుల దూరంలో, 2022లో తెరిచిన సంగారెడ్డి మెడికల్ కాలేజీ కోసం.

ఈ సీట్లకు కౌన్సెలింగ్ చేసేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. కవి కాళోజీ పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో. ఆయన పుట్టినరోజే మనకు తెలంగాణ భాషా దినోత్సవం. కంగారు పడకండి, ఆయన పెరిగిందీ చదివిందీ ఇటే, బోనఫైడ్లు దొరుకుతాయి.

ఆ న్యాల్కల్ రైతుకు కొడుకు కూడా ఉన్నాడనుకోండి. ఈ జూన్‌లో తొమ్మిదో తరగతికొచ్చాడు. బీదర్‌లో మేనత్త ఉంది, వేడి జొన్నరొట్టె పెడుతుంది, ఫీజూ తక్కువే. రైతు జహీరాబాద్ బస్టాండ్‌లో బీదర్ బస్సును పోనిచ్చి, పిల్లవాణ్ని, రేకు పెట్టెను ఎదురు బస్సెక్కించాడు. ఎక్కడికని కండక్టర్ అడిగాడు.

"హైదరాబాద్‌కు రెండియ్యి సార్. మర్లొచ్చేటప్పుడు ఒక్కటే."