చేపలకు వీపు పెట్టిన క్లాసు

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. చెప్పడమంటే మరేం లేదు, బోర్డు మీద చేప బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టడం. మొప్పలు, వాజాలు, పార్శ్వరేఖ. నా చేప ఎప్పుడూ ఎడమవైపే చూసేది, కుడివైపు చూసే చేపను గీయడం నాకు చేతకాదు. అలాంటి నాకు ఎనిమిదో తరగతి పిల్లల్ని విశాఖపట్నం బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని అక్వేరియానికి తీసుకెళ్ళే పని అప్పగించేసరికి కాలు నేల మీద నిలవలేదు.

"ఇది షికారు కాదు, చదువు" అని అసెంబ్లీలో గొంతు చించుకుని మరీ చెప్పాను. రాత్రిళ్ళు కూర్చుని ప్రశ్నాపత్రం తయారు చేశాను. ఏ తొట్టె ముందు ఏం రాయాలి, చేప శాస్త్రీయనామం ఏమిటి, ఏ సముద్రంలో దొరుకుతుంది, ఏం తింటుంది. జిరాక్సులు తీయించి, అట్టలకు క్లిప్పులు పెట్టించి, పెన్సిల్ పడిపోకుండా దారం కూడా కట్టించాను. ఆ దారం చూసి హెడ్మాస్టారు భుజం తట్టారు. అక్కడితో నా బుర్ర పూర్తిగా పాడైంది.

బస్సు కదిలిందో లేదో పిల్లలు మొదలుపెట్టారు. టిఫిను ఎక్కడ తింటాం మాస్టారూ? అక్కడ బాత్రూములుంటాయా? కొనుక్కోడానికి ఏమైనా దొరుకుతాయా? కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చూపిస్తారా? సముద్రంలో దిగనిస్తారా? ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. "తిండి గోల, ఆటల గోల తప్ప మరో ధ్యాసే లేదా మీకు?" అని కసిరి, ప్రశ్నాపత్రాన్ని బస్సులోనే మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను.

లోపలికి వెళ్ళాక జరిగింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పిల్లలంతా చేపల పేర్లు రాసిన బోర్డుల దగ్గర మూగారు. ఒకడు వంగితే వాడి వీపు మీద అట్ట పెట్టుకుని ఇంకొకడు రాశాడు. వాడి భుజం మీంచి తొంగిచూసి మూడోవాడు దించేసుకున్నాడు. వెనక అద్దంలో లయన్‌ఫిష్ చారల వాజాలన్నీ విప్పుకుని, విషపు ముళ్ళు నిగడదన్ని నిలబడింది. దాన్ని చూసిన నాథుడు లేడు. నేనూ చూడలేదు. అల్లరి లేదు, అరుపుల్లేవు, అందరూ రాస్తున్నారు కదా అని వెనక చేతులు కట్టుకుని గర్వంగా పచార్లు చేస్తున్నాను.

ఒక్కడే తొట్టెకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. ప్రశ్నాపత్రం ఎక్కడో పారేసుకున్నాడు.

"మాస్టారూ, ఇది ఒకటే నీళ్ళు తాగేస్తంది, కడుపు పగిలిపోదేటి?"

"తాగట్లేదురా, ఊపిరి తీసుకుంటోంది. పాఠం చెప్పినప్పుడు నిద్రపోయావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు కదల్లేదు. "నోరు మూసినప్పుడల్లా బుగ్గ దగ్గర తలుపు తెరుస్తంది మాస్టారూ" అన్నాడు. నోటితో తీసుకున్న నీరు మొప్పల మీదుగా వచ్చి మొప్పమూత తెరుచుకుని బయటికి పోయే తీరు అదే. నేను ఎన్నో ఏళ్ళుగా బాణం గుర్తులతో కుస్తీ పట్టి చెప్పలేనిదాన్ని వాడు ఆ కాసేపట్లో కళ్ళారా పట్టేశాడు. నేను అడిగింది మాత్రం, "నీ కాగితమేదిరా?" అని.

పైగా నా జవాబు సగం తప్పు. సముద్రపు చేప నిజంగానే నీళ్ళు తాగుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, చేప ఒంట్లో అందులో దాదాపు మూడోవంతే. అందుకని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోడానికి ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా వదిలేస్తుంది. హోమర్ స్మిత్ అనే శాస్త్రవేత్త దీన్ని 1930లోనే వివరించాడు. మంచినీటి చేప సంగతి దీనికి తలకిందులు. అది తాగడం బహు తక్కువ, పలచటి మూత్రంగా నీటిని పోస్తూనే ఉంటుంది. మావాడు ముక్కు ఆనించింది సముద్రపు చేప తొట్టెకే.

మర్నాడు కాగితాలు దిద్దాను. అందరికీ మంచి మార్కులే. ఒకడు తప్పు రాసిన అక్షరమే క్లాసంతా తప్పు రాసింది, అయినా "యాత్ర విజయవంతం" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. కాగితం పారేసుకున్నవాడికి సున్నా వేశాను.

చాలా కాలానికి జాన్ ఫాల్క్ అనే అమెరికన్ పరిశోధకుడి గురించి చదివాను. కొత్తచోటికి వెళ్ళిన పిల్లల ధ్యాస ముందు ఆ చోటు మీదికే పోతుందని, అది కుదుటపడ్డాకే పాఠమని ఆయనా సహచరులూ 1978లోనే రాశారు. తర్వాత వాషింగ్టన్‌లోని నేషనల్ జూకి వెళ్ళే పిల్లల మీద ఇంకో పరీక్ష చేశారు. కొందరికి ముందుగా పాఠం చెప్పారు. కొందరికి తినేది ఎక్కడ, కొనుక్కునేదేమిటి, ఏ జంతువులు కనిపిస్తాయి అన్నది చెప్పారు. ఎక్కువ నేర్చుకున్నది ఈ రెండో రకం వాళ్ళే. మా బస్సులో నేను కసిరిన ప్రశ్నలు కూడా సరిగ్గా అవే కదండీ!

మీలో ఎవరైనా పిల్లల్ని ఇలా తీసుకెళ్ళబోతుంటే, టిఫిను ఎక్కడో, బాత్రూము ఎక్కడో, సముద్రంలో దిగనిస్తారో లేదో ముందు రోజే చెప్పెయ్యండి. అట్టలూ క్లిప్పులూ స్కూల్లోనే వదిలెయ్యండి. తొట్టె దగ్గర ఎవడైనా ఏదైనా అడిగితే, జవాబు చెప్పేముందు మీరూ ఓసారి ఆ చేపవైపు చూడండి.